కొంచెం తిప్పండి

మా గదిలో రోజుకి ఎన్నిసార్లు అంటానో లెక్కలేని మాట ఒకటుంది: "కొంచెం తిప్పండి." నేను ఎక్స్‌రే టెక్నీషియన్ని. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని, అందులో సగానికి పైగా ఎమర్జెన్సీ పక్కనున్న గదిలోనే. విరిగిన చేతిని ఒకే వైపు నుంచి తీస్తే సరిపోదు. ఎదురుగా తీసిన బొమ్మలో ఎముక తిన్నగానే కనిపిస్తుంది, పక్క నుంచి తీస్తే రెండు ముక్కలూ ఒకదాని వెనక ఒకటి జరిగిపోయి ఉంటాయి. అందుకని ఏ ఎముకకైనా కనీసం రెండు వ్యూలు తీస్తాం, ఒకదానికొకటి లంబకోణంలో. అంటే విరిగినచోట తిప్పక తప్పదు. తిప్పేది నేనే.

అలా తిప్పినప్పుడు వచ్చే అరుపు గురించే ఇదంతా రాస్తున్నాను. ఆ అరుపుల్లో చాలావరకు అక్కర్లేనివని, మేం పనులు చేసే వరస మారిస్తే అవి వినిపించవని నా వాదన.

ఇప్పుడున్న వరస చాలాచోట్ల ఇలా ఉంటుంది. దెబ్బ తగిలిన మనిషిని తీసుకొస్తారు. పేరు, వయసు రాసుకుంటారు. డ్యూటీ డాక్టర్ వచ్చి ఓసారి చూసి ఎక్స్‌రేకి చీటీ రాస్తారు. స్ట్రెచర్ మా గదికి వస్తుంది. స్ట్రెచర్ నుంచి బల్ల మీదికి, అటు ఇటు తిప్పి రెండు మూడు బొమ్మలు, మళ్లీ బల్ల మీంచి స్ట్రెచర్ మీదికి. బొమ్మ చూసి డాక్టర్ "అవును, విరిగింది" అంటారు. అప్పుడు ఇంజెక్షన్ రాస్తారు. ఎముక విరిగిన మనిషిని ఆసుపత్రిలో అందరికంటే ఎక్కువ కదిలించేది నేనైతే, నొప్పి మందు నా దగ్గర్నుంచి వెళ్లిపోయాక అందుతుంది. ఆ తర్వాత బద్ద కట్టి కదలకుండా పడుకోబెట్టాక మందు పనిచేయడం మొదలుపెడుతుంది. ఇల్లు కాలాక నుయ్యి తవ్వడమంటే ఇదే.

నిజం చెప్పాలంటే, ఇది నా బుర్రకెక్కడానికి పదేళ్లు పట్టింది. అరుపులు మా గదిలో మామూలే అనుకునేవాణ్ని. వడ్రంగి షెడ్డులో రంపం చప్పుడు లాగా.

ఒక రాత్రి ఒక పెద్దావిడని తీసుకొచ్చారు. ఎనభై దాటిన మనిషి, మంచం దిగుతూ పడ్డారు. ఎడమ కాలు పొట్టిగా అయిపోయి, పాదం బయటికి తిరిగిపోయింది. అలా ఉంటే తుంటి విరిగిందని గుమ్మంలోంచే చెప్పొచ్చు. నలుగురం దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని బల్ల మీదికి మార్చాం. ఆవిడ అరవలేదు. "కానివ్వు నాయనా, బాగానే ఉన్నా" అన్నారు. తుంటికి పక్క వ్యూ తీసేటప్పుడు విరిగిన కాలిని తిప్పం. బాగున్న కాలిని పైకెత్తి పట్టుకుని, ఆ సందులోంచి కిరణాన్ని అడ్డంగా పంపిస్తాం. చదువుకున్నప్పుడు ఇది చాలా దయగల పద్ధతి అనిపించింది. కానీ బాగున్న కాలు ఎత్తితే నడుం కింద కటి ఎముక కాస్త ఒరుగుతుంది, అది ఒరిగితే విరిగినచోటు కూడా కదులుతుంది. నేను కాలు ఎత్తగానే ఆవిడ నా ఏప్రన్ అంచు పట్టుకున్నారు. అది సీసం పొర ఉన్న ఏప్రన్, మందంగా ఉంటుంది. దాన్ని గుప్పిట్లో నలపడం వయసులో ఉన్నవాళ్లకే కష్టం. ఆవిడ నలిపేశారు. బొమ్మ తీయడం అయిపోయాక కూడా వేళ్లు విడదీయలేకపోయారు.

చీటీ మళ్లీ చదివాను. పడిపోవడం, ఎడమ తుంటి నొప్పి, ఫ్రాక్చర్ అనుమానం. అంతే. మందు ఊసు లేదు. స్ట్రెచర్‌తో వచ్చిన సిస్టర్‌ని అడిగితే, "ఆవిడేమీ అడగలేదన్నా" అంది. అందులో అబద్ధం లేదు, ఆవిడ నిజంగానే అడగలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. కానీ ఆసుపత్రిలో ఆ సామెత చెల్లితే ఎలా?

ఆ తర్వాతే ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ అనే సంస్థ తుంటి ఎముక విరిగినవాళ్ల కోసం 2011లో ఒక పత్రం వెలువరించింది. అందులో రెండు వాక్యాలు చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. తుంటి విరిగిందన్న అనుమానంతో వచ్చినవాళ్లకి, మతిమరపు ఉన్నవాళ్లతో సహా, వచ్చిన వెంటనే నొప్పి మందు ఇవ్వాలి. ఆ మందు, పరీక్షల కోసం అవసరమైన కదలికలను తట్టుకునేంతగా ఉండాలి. ఉందో లేదో తెలుసుకోవడానికి కొలత కూడా ఇచ్చారు: కాలిని మెల్లగా బయటికి తిప్పితే ఓర్చుకోగలగాలి. అక్కడ రాసింది అనుమానం ఉన్నవాళ్లకి అని. బొమ్మ చూసి ఖాయం చేసుకున్నాక అని కాదు. "పరీక్షల కోసం అవసరమైన కదలికలు" అంటే ఏమిటో నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అది నా గది, నా బల్ల, నేను ఎత్తిన ఆ కాలు.

మందు ఇచ్చిన 30 నిమిషాల్లో నొప్పి ఎలా ఉందో మళ్లీ అడగాలని, ఆ తర్వాత వార్డుకి చేరేదాకా గంటకోసారి అడగాలని కూడా అందులో ఉంది. ఈ రెండోసారి అడగడం అన్నది మందు కంటే అరుదైన సరుకు. మొదటి మోతాదు ఇచ్చేశాక పని అయిపోయిందని కాగితం మీద టిక్కు పెట్టేస్తారు.

ఆలస్యానికి కారణం అడిగితే, ఎక్కువసార్లు వినిపించే జవాబు ఒకటే. "నొప్పి తగ్గిపోతే దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియదు. ముందు బొమ్మ రానివ్వండి." ఈ మాట చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కాదు, తమ సీనియర్ల దగ్గర విన్నది చెబుతున్నారు. దీని మూలం ఎముకల్లో లేదు, కడుపులో ఉంది. సుమారు వందేళ్ల కిందటి సర్జరీ పుస్తకాలు, కడుపునొప్పితో వచ్చినవాళ్లకి కారణం తేలేదాకా మార్ఫిన్ ఇవ్వొద్దని గట్టిగా చెప్పాయి. అప్పటికి స్కాన్లు లేవు. సర్జన్ చెయ్యే పరికరం, రోగి మూలుగే రీడింగు. పైగా ఆనాటి మోతాదులు మనిషిని మత్తులో ముంచేసేంత పెద్దవి. ఆ భయానికి అప్పట్లో అర్థం ఉంది. తర్వాత కడుపునొప్పి విషయంలోనే ప్రయోగాలు చేసి చూశారు. తగిన మోతాదులో మందు ఇచ్చినంత మాత్రాన జబ్బుని తప్పుగా పోల్చుకోవడం పెరగలేదని తేలింది. కడుపు దగ్గరే నిలబడని వాదనని మణికట్టుకి తెచ్చి తగిలించడం ఏం న్యాయం? ఎముక ఎక్కడ విరిగిందో నా మెషీన్ చెబుతుంది. దానికి రోగి అరుపుతో పని లేదు.

ఇంకో మాట చెప్తాను, ఇది మా వృత్తివాళ్లకే తెలిసేది. నొప్పితో ఉన్న మనిషి బొమ్మ బాగా రాదు. వణుకుతాడు, చివరి క్షణంలో చెయ్యి లాక్కుంటాడు, సగం తిప్పి ఆపేస్తాడు. అసలైన పక్క వ్యూ రాదు, ఏటవాలుగా వస్తుంది. భుజం జారినవాళ్లకి చంక వైపు నుంచి తీసే వ్యూ ఒకటుంది. ఎముక ముందుకి జారిందా వెనక్కి జారిందా అన్నది అందులో బాగా తెలుస్తుంది. దానికి చెయ్యి పక్కకి ఎత్తాలి. మందు లేకుండా ఎవరెత్తుతారు? అప్పుడు వేరే వ్యూతో సరిపెట్టుకుంటాం, లేదా రెండోసారి తీస్తాం. జబ్బు పోల్చుకోవడానికి నొప్పి సాయపడుతుందన్నవాళ్లు, ఆ నొప్పి వల్ల పాడైన బొమ్మలు ఎన్నో లెక్క చూసుకుంటే బాగుంటుంది.

మందుకి ముందే చూసుకోవాల్సినవి ఉన్నాయి, కాదనను. విరిగినచోటుకి కింద నాడి కొడుతోందా, వేళ్లకి స్పర్శ తెలుస్తోందా, వేళ్లు కదులుతున్నాయా. ముఖ్యంగా నరం చుట్టూ మత్తు ఎక్కించబోతుంటే ఇవి ముందే చూసి రాసిపెట్టాలి. తర్వాత స్పర్శ లేదంటే అది దెబ్బ వల్లో మత్తు వల్లో తేల్చలేరు. దీనికి రెండు నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాల పనిని చూపించి రెండు గంటల ఆలస్యాన్ని సమర్థించుకోలేం.

ఇదంతా ఒడ్డున నిలబడి చెబుతున్నాననుకోకండి. కొన్నేళ్ల కింద నేనూ మెట్ల మీద జారి కుడి అరచెయ్యి ఆనించి పడ్డాను. మణికట్టు దగ్గర చెయ్యి వెనక్కి వంగిపోయింది. 1814లో అబ్రహాం కోలెస్ అనే ఐరిష్ సర్జన్ ఎక్స్‌రేలు పుట్టక ముందే, చేత్తో తడిమి వర్ణించిన విరుపు అది. వేల బొమ్మలు తీసినవాణ్ని కాబట్టి చూడగానే పేరు పెట్టేసుకున్నాను. పడినచోటే ఒక దినపత్రికని మందంగా మడిచి, మోచెయ్యి దాకా బద్దలా పెట్టి, తువ్వాలుతో చుట్టించుకున్నాను. నొప్పి సగానికి దిగింది. మాత్ర లేదు, సూది లేదు. ఎలాగంటే, ఎముకని కప్పి ఉండే పలచటి పొర ఒకటుంది. ఎముక భాగాల్లో నొప్పి తెలిపే నరాలు అన్నింటికంటే ఒత్తుగా అల్లుకుని ఉండేది ఆ పొరలోనే. విరిగిన అంచులు కదిలిన ప్రతిసారీ ఆ పొర చిరుగుతుంది, సాగుతుంది. చుట్టూ ఉన్న కండరాలు బెదిరి బిగుసుకుని ఆ అంచుల్ని ఇంకా లాగుతాయి. కదలకుండా కట్టేస్తే ఈ రెండూ ఆగుతాయి. కట్టు కూడా నొప్పి మందే, కాకపోతే నోట్లో వేసుకునేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికులకి థామస్ స్ప్లింట్ అనే ఇనప చట్రం కట్టడం మొదలుపెట్టాక, 80 శాతం దాకా ఉన్న చావులు 20 శాతం కిందికి దిగాయని వైద్య చరిత్రలో చెప్పుకుంటారు. ఆ 80 అన్న అంకె మీద తర్వాత అభ్యంతరాలు వచ్చాయి గానీ, చట్రం ప్రాణాలు కాపాడిందన్న విషయంలో పేచీ లేదు. తొడ ఎముక విరిగితే లోలోపలే లీటరు, లీటరున్నర రక్తం పోవచ్చు. కదలకుండా పట్టి ఉంచితే రక్తస్రావం, నొప్పి రెండూ తగ్గుతాయి.

సరే, నా కథ. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్లాను, నేను పనిచేసేది కాదు. చేసిన మొదటి పని నా దినపత్రిక కట్టు విప్పడం. చూశారు, వాపు ఉందన్నారు, ఎక్స్‌రేకి రాశారు. కట్టు మళ్లీ కట్టలేదు. ఆ చేతిని ఎడమ చేత్తో బిడ్డలా పట్టుకుని నడుచుకుంటూ వెళ్లాను. కాగితం బద్దలోంచి, అట్టలోంచి, చెక్కలోంచి కూడా ఎక్స్‌రే కిరణం హాయిగా దూరిపోతుంది. సిమెంటు కట్టు మీంచే తీస్తుంటాం రోజూ. విప్పాల్సిన పనే లేదు. ఈ సంగతి తెలిసీ నోరు మెదపలేదు. రోగి కుర్చీలో కూర్చోగానే నాకున్న అన్నేళ్ల విద్యా ఎటు పోయిందో.

అక్కడి టెక్నీషియన్ కుర్రాడు మర్యాదస్తుడే. మొదటి బొమ్మ తీశాడు. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని, "కొంచెం తిప్పండి సార్" అన్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న మాట అప్పటిదాకా ఊరికే వాడేవాణ్ని. నాకు ఏడుపు రాలేదు, వాంతి వచ్చింది. కళ్లముందు తెల్లగా అయిపోయింది. ఆ కుర్రాడు "అయిపోయింది సార్, ఒక్క సెకను" అంటున్నాడు. ఆ మాట కూడా నాదే. ఎన్ని వేల మందికి చెప్పానో.

తర్వాత సిస్టర్ వచ్చి, సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత అని అడిగింది. అప్పటికి చెయ్యి ఒళ్లో దిండు మీద కదలకుండా ఉంది. మూడో నాలుగో అన్నాను. అలాగే రాసుకుంది. పది నిమిషాల ముందు అడిగి ఉంటే ఇరవై అనేవాణ్ని. ఎముక నొప్పికి రెండు అంకెలుంటాయి: పడుకుని ఉన్నప్పటిది ఒకటి, కదిపినప్పటిది ఇంకొకటి. అడిగేది మొదటిది. అనుభవించాల్సి వచ్చేది రెండోది. నైస్ పత్రం కాలు తిప్పి చూడమనడంలో తెలివి ఇక్కడే ఉంది.

మొదటి నొప్పి మాత్ర చేతికొచ్చేసరికి గంటా నలభై నిమిషాలు గడిచాయి. అసలు మేలు చేసింది మాత్రం ఆ తర్వాత వచ్చిన డాక్టరమ్మ. విరిగినచోటే గడ్డకట్టిన రక్తంలోకి సూది దించి, కొంచెం నల్లటి రక్తం వెనక్కి లాగి సరైన చోటే ఉందని చూసుకుని, లిడోకైన్ అనే మత్తు మందు ఎక్కించింది. పది నిమిషాలు ఆగింది. ఆ తర్వాత నా వేళ్లు పట్టి లాగి, మణికట్టు ఒత్తి ఎముకని సరిచేస్తుంటే, లాగుతున్నట్టు తెలిసింది తప్ప నొప్పి లేదు. నేను తల తిప్పుకోకుండా చూస్తూ కూర్చున్నాను. అదే సూది ఎక్స్‌రేకి ముందు వేసి ఉంటే? వంకర కంటికే కనిపిస్తోంది, నాడి స్పర్శ చూసేశారు, ఏం అడ్డొచ్చింది? అలవాటు. ఇంకేం లేదు.

ఇలా జరగడం నా ఒక్కడి దురదృష్టం కాదని చదివాక తెలిసింది. 1989లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు, నొప్పితో ఎమర్జెన్సీకి వచ్చిన 198 మంది కేసు షీట్లు తిరగేశారు. సగానికి పైగా మందికి, 56 శాతానికి, నొప్పి మందే ఇవ్వలేదు. ఇచ్చినవాళ్లలో కూడా 69 శాతం మంది గంటకు పైగా ఆగాల్సి వచ్చింది. నొప్పికి తగినంత మందు ఇవ్వకపోవడం అనే ఈ అలవాటుకి వైద్య పరిభాషలో ఒక పేరు ఆ వ్యాసంతోనే స్థిరపడింది. జబ్బుకి పేరు పెట్టడం విన్నాం గానీ, వైద్యుల అలవాటుకే జబ్బులా పేరు పెట్టాల్సి రావడం చూడండి.

1993లో లాస్ ఏంజెలిస్‌లోని ఒక ఎమర్జెన్సీలో చేసిన అధ్యయనం ఇంకా ఇబ్బంది పెడుతుంది. చేతిలోనో కాలిలోనో పొడుగు ఎముక విరిగినవాళ్లనే తీసుకున్నారు. ఎముక విరిగితే నొప్పి ఉందా లేదా అన్న సందేహానికి తావుండదు కాబట్టి. తెల్లజాతివాళ్లలో 26 శాతానికి మందు అందలేదు. హిస్పానిక్ మూలాలున్నవాళ్లలో 55 శాతానికి అందలేదు. డాక్టర్లు వీళ్ల నొప్పిని తక్కువగా అంచనా వేస్తున్నారేమోనని ఆ బృందమే మరుసటి ఏడాది విడిగా చూసింది. అంచనాలో తేడా కనబడలేదు. అంటే నొప్పి ఉందని తెలుసు. తెలిసిన తర్వాత, మందు చేతికి అందే దారిలో ఎక్కడో తేడా వస్తోంది. 2000లో అట్లాంటాలో నల్లజాతివాళ్లని, తెల్లజాతివాళ్లని పోల్చి చూసినా ఇదే తీరు: మందు అందింది నల్లజాతివాళ్లలో 57 శాతానికి, తెల్లజాతివాళ్లలో 74 శాతానికి.

నా బల్ల దగ్గర నాకు కనిపించే తేడాలు వేరు. గట్టిగా అరిచేవాడికి తొందరగా అందుతుంది. వెంట వచ్చినవాళ్లు కేకలేస్తే ఇంకా తొందరగా అందుతుంది. ఒంటరిగా వచ్చినవాళ్లు, మాట రాని పసివాళ్లు, మతిమరపు ఉన్న పెద్దవాళ్లు, మొహమాటస్తులు, అక్కడి భాష రానివాళ్లు వరసలో వెనకబడతారు. అందుకే మందు ఇవ్వడాన్ని ఎవరి దయకో, ఎవరి అరుపుకో వదిలేయకూడదంటాను. గుమ్మంలో మొదట చూసే నర్సుకి అధికారం ఇవ్వాలి. ఫలానా దెబ్బకి ఫలానా మందు, ఇంత మోతాదు, అలర్జీ ఉంటే వద్దు అని డాక్టర్లు ముందుగానే సంతకం పెట్టిన కాగితం ఉంటే, నర్సు డాక్టర్ కోసం ఆగక్కర్లేదు. బ్రిటన్ ఎమర్జెన్సీ వైద్యులు తీవ్రమైన నొప్పికి వచ్చిన 20 నిమిషాల్లో మందు అందాలని గీత గీసుకున్నది ఇలాంటి ఏర్పాటు ఉంటుందన్న ధైర్యంతోనే. డాక్టర్ ఖాళీ అయ్యేదాకా ఆగితే 20 నిమిషాలు ఏ మూలకీ సరిపోవు.

"అంత పెద్ద మందులు నర్సుల చేతిలో పెడతామా" అంటారు. మొదట ఇవ్వాల్సినవి పెద్ద మందులు కావు. 2017లో న్యూయార్క్‌లో చేతికో కాలికో దెబ్బ తగిలి వచ్చిన 411 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఇబుప్రొఫెన్, పారాసెటమాల్ కలిపి ఇచ్చారు. మిగతా మూడు గుంపులకి మూడు రకాల నల్లమందు జాతి మాత్రలు, పారాసెటమాల్‌తో కలిపి. రెండు గంటల తర్వాత చూస్తే నాలుగు గుంపుల్లోనూ నొప్పి ఇంచుమించు ఒకేలా తగ్గింది. వాళ్లలో ఎముక విరిగినవాళ్లు తక్కువే, బెణుకులే ఎక్కువ, కాబట్టి దీన్ని తొడ ఎముక దాకా సాగదీయకూడదు. కానీ ఎమర్జెన్సీ గుమ్మంలోకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కూడా అలాంటివాళ్లే కదా. పిల్లల సంగతైతే 2007లో కెనడాలో 300 మంది మీద చూశారు: మందు ఇచ్చిన గంటకి ఇబుప్రొఫెన్ మిగతా రెండింటి కంటే, అంటే పారాసెటమాల్ కంటే, కోడీన్ కంటే బాగా పనిచేసింది. కోడీన్ కొందరు పిల్లల ఒంట్లో మరీ వేగంగా మార్ఫిన్‌గా మారి ఊపిరి మీదికి తెస్తుంది. అందుకే 12 ఏళ్లలోపు పిల్లలకి ఇవ్వకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో చెప్పేసింది.

ఇబుప్రొఫెన్ జాతి మందులు ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తాయని ఎముకల డాక్టర్లలో కొందరికి జంకు ఉంది. జంతువుల మీద ప్రయోగాల్లో అలా కనిపించింది. మనుషుల్లో, కొద్ది రోజుల వాడకంతో, ఆ సాక్ష్యం బలహీనం. అంతకంటే అసలైన అడ్డంకులు వేరే ఉన్నాయి: కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, కొందరికి ఆస్తమా, నిండు గర్భం. తుంటి విరిగిన పెద్దవాళ్లకి ఇవి వద్దనే నైస్ పత్రం కూడా చెబుతుంది. అక్కడ పారాసెటమాల్, చాలకపోతే మార్ఫిన్ జాతి మందు, ఇంకా చాలకపోతే తొడ మొదట్లో నరానికి మత్తు.

ఆ నరం మత్తు గురించి కొంచెం ఆగి చెప్పాలి. తుంటి దగ్గర కండరం పైపొర కింద మత్తు మందు నింపితే, తుంటికి వెళ్లే నరాలు చాలావరకు మొద్దుబారతాయి. అల్ట్రాసౌండ్ తెరలో చూస్తూ సూది దించుతారు. మనిషి మగతలోకి పోడు, తన పేరు తను చెబుతాడు, కాలు ఎత్తితే ఓర్చుకుంటాడు. పెద్దవాళ్లకి మార్ఫిన్ ఇస్తే మతి చెదురుతుందని వెనకాడేవాళ్లు చాలామంది. 2003లో న్యూయార్క్‌లో తుంటి విరిగిన 541 మంది మీద చేసిన అధ్యయనంలో తేలింది దాదాపు తిరగబడి ఉంది. రోజుకి 10 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కి సమానమైన మందు కూడా అందనివాళ్లకే మతిభ్రమ వచ్చే అవకాశం అయిదు రెట్లకు పైగా ఉంది. తగ్గించని నొప్పి కూడా మతి పోగొడుతుందన్నమాట. ఆ రాత్రి ఏప్రన్ పట్టుకున్న ఆవిడ మర్నాటికి కొడుకుని గుర్తుపట్టలేదని తర్వాత విన్నాను. దానికి కారణం ఇదేనని నేను చెప్పలేను. కాదని కూడా నాకెవరూ చెప్పలేదు.

పిల్లలకి సూదంటేనే భయం. మార్ఫిన్ జాతికే చెందిన ఫెంటనిల్‌ని ముక్కులోకి చిమ్మే పద్ధతి ఉంది. ఎముకలు విరిగిన పిల్లల మీద 2007లో ఆస్ట్రేలియాలో చేసిన ప్రయోగంలో అది రక్తనాళంలోకి ఇచ్చే మార్ఫిన్‌తో సమానంగా పనిచేసింది. సెలైన్ పెట్టడానికి పిల్లాణ్ని ముగ్గురు పట్టుకునే తతంగం తప్పుతుంది. నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ సగం సగం కలిపిన గాలిని రోగి తన చేత్తోనే మాస్కు పట్టుకుని పీల్చే పద్ధతీ ఉంది. మగత వస్తే చెయ్యి జారి మాస్కు దానంతటదే పక్కకి పడిపోతుంది. ఛాతీలో గాలి చేరిందన్న అనుమానం ఉన్నవాళ్లకి మాత్రం అది ఇవ్వకూడదు.

ఇప్పుడు మత్తుకి బానిసలవుతారన్న భయం. దీన్ని నేను కొట్టిపారేయను. అమెరికాలో 1990లలో నొప్పిని అయిదో ప్రాణ సూచికగా చూడాలని ప్రచారం చేశారు. నాడి, ఊపిరి, జ్వరం, బీపీ, తర్వాత నొప్పి. ఉద్దేశం మంచిదే. కానీ మందుల కంపెనీల అమ్మకాల ఒత్తిడి తోడై, అంకెని సున్నాకి దించడమే పనిగా మారింది. పళ్లు పీకించుకున్నవాళ్లకి కూడా సీసాలకి సీసాలు రాసిచ్చారు. తర్వాత ఎందరో ఆ మందులకి బానిసలైపోవడం లోకమంతా చూసింది. అందులోంచి కొందరు డాక్టర్లు నేర్చుకున్న పాఠం "ఎమర్జెన్సీలో కూడా ఇవ్వొద్దు" అని. నాకది తప్పుగా కనిపిస్తుంది. విరిగిన తొడకి నర్సు కళ్లముందు, ఊపిరి గమనిస్తూ, కొద్దికొద్దిగా రక్తనాళంలోకి ఇచ్చే మార్ఫిన్ వేరు. ఇంటికి పట్టుకెళ్లే నెల రోజుల సీసా వేరు. మొదటిది మరీ ఎక్కువైతే నలోక్సోన్ అనే విరుగుడు పక్కనే ఉంటుంది. రెండోదానికి పక్కన ఎవరుంటారు? కట్టడి పెట్టాల్సింది సీసా దగ్గర.

నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం ఒక్కటే ఉంది. మోకాలి కింద ఎముకో ముంజేతి ఎముకో విరిగాక, లోపలి వాపు వల్ల కండరాల గదుల్లో ఒత్తిడి పెరిగి రక్తం ఆడకుండా పోవచ్చు. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. కొన్ని గంటల్లో కోసి ఆ ఒత్తిడి తీసేయకపోతే కండరం చచ్చిపోతుంది. దాని తొలి గుర్తు నొప్పే: దెబ్బకి మించిన నొప్పి, వేళ్లని మెల్లగా సాగదీస్తే భరించలేని నొప్పి. నాడి ఆగిపోవడం చాలా ఆలస్యంగా కనిపించేది. మరి నొప్పిని మొద్దుబారిస్తే ఈ గుర్తు తెలియకుండా పోదా? పూర్తిగా మొద్దుబార్చే నరం మత్తు విషయంలో ఇది న్యాయమైన భయం. అలాంటి కాళ్ల దగ్గర ఎముకల డాక్టర్‌తో మాట్లాడాకే మత్తు ఎక్కించాలి, ఒక్కోసారి మానుకోవాలి కూడా. కానీ మామూలు మాత్రలు, కొలిచి ఇచ్చే మార్ఫిన్ ఆ గుర్తుని పూర్తిగా చెరిపేయవు. సరైన మోతాదు ఇచ్చాక కూడా నొప్పి పెరుగుతూ పోతుంటే, అదే గంట మోగినట్టు. మందే ఇవ్వకుండా వదిలేసిన కాలిలో, ఏది మామూలు నొప్పో ఏది మించిన నొప్పో ఎలా వేరుచేస్తారు? ఇక్కడ కూడా తిరిగి తిరిగి అదే దగ్గరికి వస్తున్నాం, రెండోసారి వెళ్లి అడగడం దగ్గరికి.

ఇంత రాశాను గానీ, మందు రాసే అధికారం నాకు లేదు. నా చేతిలో ఉన్నది చీటీ ఒక్కటే. అందుకని దాని దగ్గరే మొదలుపెట్టాను. ఎక్స్‌రే చీటీలో ఇంకో గడి పెట్టమని అడిగాను: "నొప్పి మందు ఏది, ఎన్ని గంటలకి." మొదట్లో నవ్వారు. మందుతో మీకేం పని అన్నారు ఒకాయన. మీరు కాలు పంపిస్తున్నారు సార్, దాన్ని ఎత్తేది నేను అన్నాను. ఆయన మాట్లాడలేదు. తొమ్మిది నెలల తర్వాత కొత్త చీటీలు అచ్చయ్యాయి, కింద ఎడమవైపు చిన్న గడితో. గడి వచ్చినంత మాత్రాన మందు రాదు, తెలుసు. కొందరు అడ్డగీత కొట్టి పంపిస్తారు. కొందరు ఎక్స్‌రేకి బయల్దేరే నిమిషంలో మాత్ర మింగించి ఆ టైమే రాస్తారు, మాత్ర కడుపులోంచి నొప్పి దాకా చేరడానికి అరగంటకు పైగా పడుతుందన్న సంగతి మరిచిపోయి. అలాంటప్పుడు బెణుకులని ముందు తీసేసి వీళ్లని కాసేపు ఆపుతాను. కట్టు లేకుండా వస్తే అట్టముక్కతో నేనే కట్టుకుంటాను, కట్టు మీంచే తీస్తాను.

నిన్న రాత్రి ఎముక దెబ్బలకి ఆరు చీటీలు వచ్చాయి. నాలుగింటిలో గడి నిండి ఉంది. ఒకటి ఖాళీ, ఒకదాంట్లో "రోగి అడగలేదు" అని రాసి ఉంది. ఆ రెండో స్ట్రెచర్ గుమ్మం దగ్గరే ఉంచి, ఎమర్జెన్సీకి ఫోన్ చేశాను.